గడ్డ వంతు, మన వంతు

2081 నాటికి కాకినాడలో పళ్ళు తోముకోవడమంటే సగం వైద్యపరీక్ష చేయించుకోవడమే. పుక్కిలించి తలెత్తేసరికి అద్దం మూలన ఒక ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. లాలాజలం బాగుందని దాని అర్థం. రోజూ వెలిగేది కాబట్టి దాన్నెవరూ చూడరు. రంగు మారిన రోజునే చూస్తారు.

జూలైలో ఒక మంగళవారం ఉదయం కరుణ సువార్త ఇంటి అద్దంలో ఆ చుక్క పసుపుపచ్చగా మారింది. దాని కింద ఒక వాక్యం వచ్చింది: "మూడు రోజుల్లోగా ఆస్పత్రికి రండి."

సువార్తకు ముప్ఫై ఆరేళ్ళు. జగన్నాథపురంలోని బధిరుల బడిలో టీచరు. ఆమెకు చెవులు బాగానే వినిపిస్తాయి. వినిపించనిది ఆమె తల్లిదండ్రులకు. తండ్రి పోయి నాలుగేళ్ళయింది, తల్లి రూతమ్మ ఆమెతోనే ఉంటుంది. ఆ ఇంట్లో సువార్త మొదట నేర్చుకున్న భాష తెలుగు కాదు, సైగభాష. నోటి మాటలు ఆ తరవాత పక్కింటివాళ్ళ దగ్గర నేర్చుకుంది.

ఆమె బస్సెక్కి తూర్పుతీర ముఖదవడ వైద్యశాలకు వెళ్ళింది. ఆ చుక్కను వెలిగించే లాలాదర్శి పుట్టిన చోటు అదే.

లాలాదర్శి పనిచేసే తీరు చెప్పడానికి తేలిక. చెవి ముందు, చెంప చర్మం కింద చెంపగ్రంథి ఉంటుంది. మన లాలాజల గ్రంథుల్లో అన్నిటికన్నా పెద్దది అదే. అది చేసిన లాలాజలం సన్నటి గొట్టం గుండా వచ్చి, పై దవడపన్నుకు ఎదురుగా చెంప లోపలున్న చిన్న రంధ్రంలోంచి నోట్లో పడుతుంది. సరిగ్గా ఆ పన్ను మీద బియ్యపు నూకంత పరికరాన్ని అతికిస్తారు. జనం దాన్ని నూక అనే పిలుస్తారు. దవడలోగాని, గ్రంథుల్లోగాని కంతి మొలిస్తే, దాని కణాలు చనిపోతూ రాల్చే డి.ఎన్.ఏ. ముక్కలు లాలాజలంలో కలుస్తాయి. నూక వాటిని పసిగట్టి ఆస్పత్రిలోని పెద్ద యంత్రానికి చెబుతుంది. ఆ యంత్రం, స్కానులూ సూదిపరీక్షా అయ్యాక, మూడు సంగతులు తేలుస్తుంది: అది ఏ కంతి, దానికి ఏ చికిత్స, ఆ తరవాత మనిషి ఎన్నాళ్ళుంటాడు. మూడోదాన్ని, పదేళ్ళు బతికే అవకాశం నూటికి ఇంత అని, ఒక్క అంకెలో చెబుతుంది.

దీన్ని తయారుచేసినవాళ్ళు ఇద్దరు. వైద్యం తెలిసిన డాక్టర్ జొన్నాడ ఉదయిని ఒకరు, లెక్కలు తెలిసిన షేక్ ఖాజావలి మరొకరు. పన్నెండేళ్ళ కిందట మొదలుపెట్టారు. ఉదయినికి ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. సువార్తను చూసింది ఆమే.

"ఎన్నాళ్ళనుంచి ఉందమ్మా ఈ గడ్డ?" అంది ఉదయిని, కుడి చెవితమ్మె కింద మూడు వేళ్ళతో తడుముతూ.

"గడ్డ అనుకోలేదండి. బఠాణీ గింజంత తగిలేది. నొప్పి లేదు. ఈమధ్య మాత్రం చెంపలో చీమ పాకినట్టుంటోంది."

"కళ్ళు గట్టిగా మూయండి. సరే. పెదాలు ముందుకు పెట్టండి, ఈల వేసినట్టు. ఇప్పుడు చెంపలు ఉబ్బించండి. కనుబొమలు పైకెత్తండి."

సువార్త అన్నీ చేసి నవ్వింది. "ఏం లేదండి. ఇవన్నీ మా భాషలో మాటలు. మీరు నాచేత వరసగా 'నిద్ర, సన్నం, లావు, అవునా?' అనిపించారు."

"కనుబొమలు ఎత్తితే 'అవునా' అనా?"

"చేత్తో 'అన్నం తిన్నావు' అని చెప్పి కనుబొమలెత్తితే అది ప్రశ్న. ఎత్తకపోతే సమాచారం. చేతులు మాటలు చెబుతాయండి. వ్యాకరణం అంతా ముఖంలో ఉంటుంది."

ఉదయిని చేయి ఆ గడ్డ మీదే ఆగిపోయింది. ముఖాన్ని కదిలించే నాడి సరిగ్గా ఆ గ్రంథి మధ్యలోంచే పోతుంది. చెట్టు కొమ్మల్లా ఐదుగా చీలి కనుబొమకూ, కంటికీ, చెంపకూ, పెదవికీ, మెడకూ అందుతుంది. ఆ మాట ఆమె అప్పుడే చెప్పలేదు. సూదిపరీక్షకు రాసి పంపింది.

మూడో రోజున ఫలితం వచ్చింది. అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా. సూక్ష్మదర్శినిలో చూస్తే కణాల మధ్య గుండ్రటి రంధ్రాలతో అచ్చం జల్లెడలా కనిపిస్తుంది కాబట్టి, ఆ వైద్యశాలలో దాన్ని జల్లెడ కంతి అంటారు. అది తొందరపడే జబ్బు కాదు. నెమ్మదిగా పెరుగుతుంది. నాడి దొరికితే దాని వెంట పాకుతుంది. అయిదేళ్ళు కనిపించకుండా ఉండి పదో ఏట ఊపిరితిత్తుల్లో తేలడం కూడా దానికి అలవాటే. అందుకని అది ఉన్నవాళ్ళను జీవితాంతం పిలిచి చూస్తూ ఉండాలి.

స్కానులో గడ్డ రెండు సెంటీమీటర్లకు తక్కువే ఉంది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. మెడలో బిళ్ళలేమీ లేవు. ఉదయిని మనసు కొంచెం తేలికపడింది. ఇలాంటిదాన్ని మొదట్లోనే పట్టుకోవడం అదృష్టమే. ఆమె యంత్రాన్ని అడిగింది.

"చికిత్స, ఉపశమన మార్గం. పదేళ్ళ అంచనా, నూటికి పదిహేడు," అంది లాలాదర్శి.

ఇరవైకి తక్కువ వచ్చినవాళ్ళకు ఆ వైద్యశాలలో పెద్ద శస్త్రచికిత్స చెయ్యరు. నొప్పి లేకుండా చూస్తారు, ఇంటికి నర్సును పంపుతారు. ఆ నియమం కఠిన హృదయంతో రాసింది కాదు. ఫలితం లేదని తెలిసి తెలిసి మనుషుల ముఖాలు కోసిన రోజులు ఉదయిని చూసింది. సగం దవడ పోగొట్టుకుని ఆరు నెలలకే పోయినవాళ్ళను చూసింది. అలాంటి కోత ఇంకెవరికీ జరగకూడదని ఆ నియమాన్ని స్వయంగా రాసింది ఆవిడే.

సువార్త బయట బల్ల మీద కూర్చుని ఉంది. ఉదయిని వెళ్ళి, "ఇంకొక పరీక్ష చూడాలమ్మా. సోమవారం మీ అమ్మగారిని కూడా తీసుకురండి," అని మాత్రం చెప్పింది.

ఖాజావలి గది రెండో అంతస్తులో ఉంది. సన్నటి మనిషి, మాట నెమ్మది. ఉదయిని స్కాను అతని ముందు పెట్టింది.

"దీనికి పదిహేడు ఎలా వచ్చింది వలీ?"

"యంత్రం తప్పు చెప్పిందంటారా మేడం? పన్నెండేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు."

"నా వేళ్ళు కూడా ముప్ఫై ఏళ్ళుగా పెద్దగా తప్పు చెప్పలేదు. దాన్నే అడుగుదాం."

ఖాజావలి అడిగాడు. లాలాదర్శికి ఆడా మగా కాని, తొందరలేని గొంతు ఉంది. "ఈ అంచనాలో గడ్డకు సంబంధించిన అంశాల బరువు నూటికి ముప్ఫై. మిగతాది ఇతర అంశాలది."

"ఇతర అంశాలంటే ఏవి?" అంది ఉదయిని.

"ఈ ఆస్పత్రివీ, ఊళ్ళో మిగతా ఆస్పత్రులవీ దస్త్రాల్లో ఉన్న సంగతులు. నాలుగు వేల పైచిలుకు. విడివిడిగా చాలావరకు చిన్నవి."

"అన్నిట్లో పెద్దది చెప్పు."

"ఫోను ఎత్తకపోవడం. ఈ ఇంటి నంబరుకు ఎనిమిదేళ్ళలో ఇరవై ఆరుసార్లు ఫోను వెళ్ళింది. తండ్రి గుండె పరీక్షలకు, తల్లి కంటి పరీక్షలకు, ఈమె టీకాలకు. ఒక్కసారీ ఎత్తలేదు. ఫోను ఎత్తని ఇళ్ళవాళ్ళు మిగతావాళ్ళకన్నా తొందరగా చనిపోతారు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఆ ఇంట్లో ఫోను ఎవరెత్తుతారు?" అంది ఉదయిని మెల్లగా. "అమ్మాయి పగలంతా బడిలో ఉంటుంది. తల్లికీ, పోయిన తండ్రికీ వినపడదని చెప్పింది."

"ఆ సంగతి దస్త్రాల్లో లేదు," అంది యంత్రం. "ఉన్నా అంచనా మారదు. ఒక పరీక్షకు మూడుసార్లు ఎత్తకపోతే ఆ పరీక్షకు ఆస్పత్రి ఇక పిలవదు. పిలవకపోతే రోగి రాడు. రాకపోతే కంతి తిరిగి వచ్చినా ఎవరూ చూడరు. ఎందుకు ఎత్తలేదన్నది నా లెక్కకు అవసరం లేదు."

అది ఎవరినీ నిందిస్తున్నట్టు లేదు. వాన పడితే నేల తడుస్తుందని చెప్పినట్టు చెప్పింది.

ఉదయిని స్కానును మళ్ళీ దగ్గరికి లాక్కుంది. తరవాత, "గడ్డను ఒక్కదాన్నే చూసి చెప్పు. మిగతావన్నీ మరిచిపో," అంది.

"శస్త్రచికిత్స, కార్బన్ కిరణాలు, జీవితాంతం పరీక్షలు అందితే నూటికి డెబ్భై ఒకటి."

"ఈ మాట ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఏం జరుగుతుందని అడిగారు. ఏం జరగవచ్చని ఎవరూ అడగలేదు."

ఖాజావలి ఆ శనివారం, ఆదివారం ఇంటికి వెళ్ళి అన్నం తిని వచ్చి మళ్ళీ పాత దస్త్రాల ముందే కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఇరవైకి తక్కువ అంకె వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఎనిమిదేళ్ళు దాటి బతికినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వెతికాడు. తొమ్మిదిమంది దొరికారు. ఆ తొమ్మిదిమందీ ఒకే వారంలో ఆస్పత్రికి వచ్చినవాళ్ళు.

"2072 నవంబరు తుఫాను గుర్తుందా మేడం?" అన్నాడు ఆదివారం సాయంత్రం. "నాలుగు రోజులు తీగలు తెగిపోయాయి. యంత్రం తన బ్యాటరీ మీద లెక్కలు వేసింది గానీ అంకెలు డాక్టర్లకు చేరలేదు. తీగలు మళ్ళీ కలిపాక అవి తిన్నగా పాత దస్త్రాల్లోకి పోయాయి. ఎవరూ చూడలేదు. ఆ నాలుగు రోజుల్లో ఇరవైకి తక్కువ వచ్చినవాళ్ళు పద్నాలుగుమంది. అంకె తెలియదు కాబట్టి మీరంతా చూసి, చేతనైన వైద్యం చేశారు. తొమ్మిదిమంది ఇవాళ్టికీ ఉన్నారు."

"అంకె తెలిసినవాళ్ళలో?"

"అన్నేళ్ళ కిందట వచ్చినవాళ్ళలో ఒక్కరూ లేరు."

ఉదయిని ఆ తొమ్మిది పేర్లూ చదివింది. ఒక పేరు దగ్గర ఆగింది. పినపోతు సత్తెమ్మ, యానాం. దవడ ఎముక కంతి. అంకె పదకొండు.

సోమవారం పొద్దున్నే ఆవిడ యానాం వెళ్ళింది. సత్తెమ్మకు ఇప్పుడు అరవై ఏడేళ్ళు. రోడ్డు పక్కన జీళ్ళ దుకాణం. కింది దవడలో ఎడమ సగం ఆమె కాలి సన్న ఎముకతో చేసింది. కొద్దిగా వంకర కనిపిస్తుంది, అంతే.

"మీరే కదండి చేశారు," అంది సత్తెమ్మ, గుర్తుపట్టి బల్ల తుడుస్తూ. "కరెంటు లేదు. నర్సమ్మ లైటు పట్టుకుంది. మా ఆయన బయట వానలో తడుస్తా నిలబడ్డాడు. ఏంటండి, ఇన్నేళ్ళకి వచ్చారు?"

"ఊరికే. ఎలా ఉన్నారో చూద్దామని."

"బాగానే ఉన్నానండి. జీడి కూడా నవుల్తాను." ఒకటి తీసి నోట్లో వేసుకుని నమిలి చూపించింది. ఉదయిని చేతిలో కూడా ఒకటి పెట్టింది.

ఆ నాలుగు రోజులకు ఒక రోజు ముందో వెనకో వచ్చి ఉంటే ఈవిడకు ఏమయ్యేదో ఉదయినికి బాగా తెలుసు. ఆస్పత్రి నర్సు వారానికోసారి వచ్చి మందు ఇచ్చి వెళ్ళేది. కొన్ని నెలలు. తాను మాత్రం ఒక్కసారి కూడా వచ్చేది కాదు.

మధ్యాహ్నం సువార్త తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. రూతమ్మ పొట్టిగా, చురుగ్గా ఉంది. కూర్చోగానే డాక్టరు ముఖం వంక చూస్తూ ఉండిపోయింది.

ఉదయిని ఏదీ దాచలేదు. పదిహేడు అని చెప్పింది. అది ఎలా వచ్చిందో చెప్పింది. డెబ్భై ఒకటి అని చెప్పింది. సువార్త ఒక్కో మాటా చేతుల్లోకి మార్చి తల్లికి చూపిస్తోంది. ఫోను సంగతి దగ్గర రూతమ్మ భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకుంది ఉదయిని. కాదు, నవ్వుతోంది.

"ఏమంటున్నారు?"

"చెవిటివాళ్ళకి ఫోను చేసి, ఎత్తలేదని చచ్చిపోతారనుకున్నారా, ఉత్తరం ముక్క రాయకపోయారా అంటోందండి."

ఉదయిని తల వంచుకుంది. కాసేపటికి చికిత్స గురించి చెప్పింది. గ్రంథిని తీసెయ్యాలి. నాడి కొమ్మల్లో కంతి పాకినవాటిని కూడా తీసెయ్యాలి. అవి ఎన్నో తెరిచి చూస్తేగాని తెలియదు. తీసిన చోట పిక్కలోని నాడి ముక్కను తెచ్చి కుడతారు. అది చిగురించడానికి ఏడాది పట్టవచ్చు, పూర్తిగా చిగురించకపోవచ్చు. కొమ్మలు ముట్టుకోకుండా గడ్డనొక్కదాన్నే ఒలిచి కిరణాలు పెట్టే మార్గం కూడా ఉంది. ముఖం ఇలాగే ఉంటుంది, కానీ కంతి తిరిగి వచ్చే భయం ఎక్కువ.

ఈసారి సువార్త చేతులు వెంటనే కదల్లేదు.

"నా పిల్లలకి పాఠం ముఖంతో చెప్పాలండి," అంది. "ఒక కనుబొమ లేవకపోతే నా ప్రశ్న ప్రశ్నో కాదో వాళ్ళకి తెలియదు. నోట్లో నాలుక సగం కోసినట్టు ఉంటుంది."

తల్లి ఆమె మోచేతిని తట్టింది. ఏమిటో చెప్పమంది. సువార్త చెప్పింది. రూతమ్మ చాలాసేపు చేతులతో ఏదో అంది, మధ్యలో ఒకసారి కూతురి గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది. సువార్త కళ్ళు తుడుచుకుంది.

"ఏమన్నారమ్మా?"

"ముఖం వంకరైతే మా భాషలో అది నత్తి లాంటిదేనంట. నత్తివాళ్ళతో జనం మాట్లాడ్డం మానేస్తారా అంటోంది. నువ్వు లేకపోతే నాతో మాట్లాడేదెవరు అంటోంది." కాస్త ఆగి, "తీసెయ్యండి డాక్టరుగారూ. తీయాల్సినవన్నీ తీసెయ్యండి," అంది.

లాలాదర్శి మాటకు విరుద్ధంగా ఒక డాక్టరు సంతకం పెట్టడం ఆ వైద్యశాలలో అదే మొదటిసారి. డైరెక్టరు కాగితం రెండుసార్లు చదివి, "మీరు తయారుచేసిన యంత్రమే కదా," అన్నాడు. "అవునండి. అందుకే సంతకం కూడా నేనే పెడుతున్నాను," అంది ఉదయిని.

శస్త్రచికిత్సకు ఆరు గంటలు పట్టింది. కంతి రెండు కొమ్మల వెంట పాకి ఉంది, కనుబొమకు వెళ్ళేదీ, కంటికి వెళ్ళేదీ. ఉదయిని రెంటినీ కోసి, అంచులు శుభ్రంగా ఉన్నాయని పరీక్షకు పంపి తెలుసుకున్నాక పిక్కనాడి ముక్కలు కుట్టింది. చెంప, పెదవి, మెడ కొమ్మలు దక్కాయి. కుడి కన్ను మూతపడటానికి రెప్పలో చిన్న బంగారు రేకు పెట్టింది. ఆ తరవాత ఆరు వారాల కార్బన్ కిరణాలు.

ఈలోగా ఖాజావలి యంత్రాన్ని మార్చాడు. ఇకమీదట అది ఒక అంకె కాదు, రెండు చెబుతుంది. మొదటిది, తగిన వైద్యం అందితే జబ్బు ఎంతవరకు బతకనిస్తుందో. రెండోది, ఈ ఆస్పత్రి అలవాట్లు ఇలాగే ఉంటే నిజంగా ఏం జరుగుతుందో. మొదటిదానికి గడ్డ వంతు అనీ, రెంటికీ మధ్య ఉన్న తేడాకు మన వంతు అనీ పేరు పెట్టాడు. దాంతోపాటు ఉపశమన నియమాన్ని గడ్డ వంతుకు మార్చారు.

మొదటి నెల అందరూ మెచ్చుకున్నారు. రెండో నెలలో గొణుగుడు మొదలైంది. రోగి ఎక్కడో గోదావరి లంకలో ఉంటే తేడా మా మీద రాయడమేమిటి అన్నారొకరు. ఒక డాక్టరు తన రోగుల లెక్కలో 'మన వంతు' ఎంతో చూసి రెండు రోజులు సెలవు పెట్టాడు. జనవరిలో డైరెక్టరు ఉదయినిని పిలిచాడు.

"రెండో అంకె తీసేద్దామండి. అది తప్పని కాదు. రోగుల బంధువులు చూస్తే ఏమనుకుంటారు?"

"గడ్డ గురించి చెడ్డ అంకె వస్తే పన్నెండేళ్ళు వాళ్ళ ముఖాన చెప్పాం కదండి."

"అది గడ్డ గురించి," అన్నాడాయన.

ఫిబ్రవరిలో పరీక్షకు పిలవడానికి బదులు ఉదయిని తానే బధిరుల బడికి వెళ్ళింది. సువార్త మూడో తరగతిలో ఉంది. కుడి కనుబొమ ఇంకా లేవడం లేదు. ఎడమది మాత్రం ఎత్తి, పాతికమంది పిల్లలను ఏదో అడుగుతోంది. పిల్లలు ఒకరినొకరు ప్రశ్నలు వేసుకుంటున్నారు. ఉదయిని గుమ్మంలో నిలబడి చూస్తే, వాళ్ళలో చాలామంది ఎడమ కనుబొమ ఒక్కటే ఎత్తుతున్నారు. కొందరు చేతకాక కుడిదాన్ని వేలితో అదిమి పట్టుకుంటున్నారు.

"వెక్కిరింత కాదండి," అంది సువార్త బయటికి వచ్చి. "ఇదే సరైన పద్ధతి అనుకుంటున్నారు. మొన్న రాజమండ్రి బడి పిల్లలు వచ్చారు. వాళ్ళు రెండూ ఎత్తుతుంటే మావాళ్ళు సరిదిద్దారు."

జనవరి స్కానులో గడ్డ జాడ లేదు. ఊపిరితిత్తులు శుభ్రం. పరీక్ష తేదీలన్నీ ఆమె ఇంటికి ఉత్తరాలుగా వెళుతున్నాయి.

ఆ సంతోషంతోనే ఉదయిని తిరిగి వచ్చి ఖాజావలి గదికి వెళ్ళింది.

"రెండో అంకెను తీసేసే ముందు ఒక పని చేద్దాం వలీ. డాక్టర్లవారీగా మన వంతు తీయించు. ఎవరి దగ్గర తేడా ఎక్కువుందో వాళ్ళతో నేను మాట్లాడతాను. కోప్పడను. కూర్చోబెట్టి చెబుతాను."

ఖాజావలి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇప్పుడెందుకు మేడం."

"తీశావా ఇదివరకే?"

"నవంబరులోనే తీశాను."

"ఎవరు?"

అతను అద్దాలు ఇంకా తుడుస్తూనే ఉన్నాడు. ఉదయిని యంత్రాన్ని అడిగింది.

"పన్నెండేళ్ళ మొత్తంలో అత్యధిక తేడా ఉన్న డాక్టరు, జొన్నాడ ఉదయిని," అంది లాలాదర్శి. "మిగతా డాక్టర్లలో పలువురు ఇరవైకి తక్కువ వచ్చిన రోగులను కూడా అప్పుడప్పుడు పిలిపించి చూశారు. కొందరు నియమం దాటి మందులు ఇచ్చారు. సువార్తను మినహాయిస్తే, డాక్టర్ ఉదయిని రోగుల్లో ఇరవైకి తక్కువని తెలిసినవారు అరవై మూడుమంది. అంకె వచ్చిన తరవాత ఆవిడ వారిలో ఎవరినీ మళ్ళీ చూడలేదు."

కింద ఎవరో స్ట్రెచరు తోసుకుపోతున్న చప్పుడు వినిపించి, దూరమైపోయింది.

"వాళ్ళకి నమ్మకం తక్కువ మేడం," అన్నాడు ఖాజావలి చివరికి. "యంత్రం మీద. మీకు ఎక్కువ. అంతే తేడా."

"వాళ్ళు అనుమానించారు. నేను నమ్మాను." ఆమె కుర్చీలో కూర్చుంది. "చూస్తే మనసు మార్చుకుంటానేమోనని చూడలేదు వలీ. అలా చూడకుండా ఉండటమే నిబ్బరం అనుకున్నాను. కుర్ర డాక్టర్లకు కూడా అదే నేర్పాను."

అతను కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

"అరవై మూడుమందిలో బతికి ఉన్నదెందరు?"

"పంతొమ్మిదిమంది."

"పేర్లు కాగితం మీద రాసివ్వు."

మొదటి పేరు ఓలేటి పోలయ్య. ఉప్పాడ. పడవలు కట్టే వడ్రంగి. దవడ కింది గ్రంథిలో కంతి. మూడేళ్ళ కిందట అంకె పద్నాలుగు. గడ్డ వంతు అప్పట్లో ఎవరూ అడగలేదు.

మర్నాడు ఉదయం ఆమె ఉప్పాడ వెళ్ళింది. ఇల్లు సముద్రానికి దగ్గర్లోనే ఉంది. వాకిట్లో సగం చెక్కిన తెడ్డు గోడకు ఆనించి ఉంది. కోడలు స్టూలు తెచ్చి వేసి లోపలికి పిలిచింది. పోలయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. మెడకు తువ్వాలు చుట్టుకున్నాడు. దాని కింద వాపు కనిపిస్తూనే ఉంది. నూక కూడా ఇంకా పన్నుకే ఉంది, రోజూ పసుపు చుక్క చూపిస్తూనే ఉందట. దాన్ని చూడటం మానేశానన్నాడు.

"మీరే కదండి చూశారు నన్ను," అన్నాడు. "మళ్ళీ కబురెడతామన్నారు. మొదట్లో ఓ ఏడాది ఎక్కడికీ పోలేదండి. మీ కబురొస్తాదేమోనని ఇంట్లోనే ఉండేవోణ్ణి. తర్వాత తెలిసిపోయింది లెండి. అంత పెద్ద మిసను సెప్పాక మీరు మాత్రం ఏం సేత్తారు?"

ఉదయిని దారి పొడవునా సిద్ధం చేసుకున్న మాటలు పక్కన పెట్టింది.

"పోలయ్యగారూ, తప్పు నాది," అంది. "మిమ్మల్ని చూడకుండా ఊరుకున్నాను. మిషను అలా చెయ్యమనలేదు. నేనే చేశాను."

కోడలు గుమ్మం దగ్గర నిలబడిపోయింది. పోలయ్య మెడకున్న తువ్వాలు విప్పి పక్కన పెట్టాడు.

"మరైతే ఇప్పుడు నా లెక్కెంత వచ్చిందండి?"

ఉదయిని లేచి, కోడలు పోసిన నీళ్ళతో చేతులు కడుక్కుని వచ్చి ఆయన మంచం మీద పక్కనే కూర్చుంది.

"లెక్క వేయించి రాలేదండి," అంది. "నోరు తెరవండి. చూస్తాను."